చదువు మన బిడ్డను మనకు కాకుండా చేస్తుందా?



పల్లె సంఘాలలో తల్లిదండ్రులు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "అమ్మాయిని పెద్ద చదువులకు పంపితే రేపు మన మాట వింటుందా? మందిరానికి వస్తుందా?" ఈ భయము కొట్టివేయదగినది కాదు. కష్టపడి నేర్చిన చదువు మనిషి ఆలోచనను నిజముగానే మార్చుతుంది. పండిత రమాబాయి జీవితమే ఇందుకు సాక్ష్యము.

1858లో పుట్టిన రమాబాయికి తల్లి లక్ష్మీబాయి సంస్కృతము నేర్పింది. ఆడవారికి ఆ చదువు తగదని పండితులు అనే రోజులవి. కరువు కాలములో తల్లిదండ్రులు చనిపోయారు. అయినా చదువు నిలిచింది. 1878లో కలకత్తా పండితులు మెచ్చి 'పండిత', 'సరస్వతి' అని బిరుదులిచ్చారు. స్త్రీల ధర్మాలను గూర్చి ప్రసంగించుమని అడుగగా ఆమె ధర్మశాస్త్రాలు చదివింది. ఎన్నో విషయాలలో భేదించే ఆ గ్రంథాలు స్త్రీని తక్కువగా ఎంచుటలో మాత్రము ఏకమైనట్లు తనకు కనబడిందని తరువాత వ్రాసింది. గౌరవము తెచ్చిన చదువే ఆమెచేత ప్రశ్నలు వేయించింది.

1883లో ఇంగ్లాండులో బాప్తిస్మము పొందింది. అక్కడ కూడా ప్రశ్న మానలేదు. సిలువ మీద లాటిన్ మాటలెందుకు, సంస్కృతములో ఉండరాదా అని అడిగింది. ఆమెను ఆదరించిన సిస్టర్లు నొచ్చుకున్నారు. స్వదేశము వచ్చి 1889లో బొంబాయిలో వితంతువుల కొరకు శారదా సదన్ తెరచింది. బాలికలు ఆమె ప్రార్థనలో కూర్చుంటున్నారని 1893లో హిందూ పెద్దలు కొందరు సహాయము మానుకున్నారు. ఇలా రెండు వైపులా అయినవారినే నొప్పించవలసి వచ్చింది.

మరి ఆమె ఎవరికీ కాకుండా పోయిందా? లేదు. నలభై యేండ్లు దాటిన తరువాత హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, సామాన్య స్త్రీలకు అర్థమయ్యే మరాఠీలోకి బైబిలును తర్జుమా చేసింది. కేడ్గాంలోని ముక్తి మిషనులో స్త్రీలే అచ్చుపని నేర్చుకున్నారు. ఆమె 1922లో కన్నుమూసింది. 1924లో ఆ బైబిలు వెలువడింది. అంత కష్టమైన చదువు చివరకు ఎవరూ లెక్కచేయని ఆడబిడ్డల పక్షమున నిలిచింది.

తల్లిదండ్రులారా, చదివిన బిడ్డ "ఎందుకు?" అని అడుగుతుంది. కోపపడితే నోరు మూసుకుంటుంది గాని, మనస్సు మెల్లగా ఇల్లు విడిచిపోతుంది. కూర్చుండి జవాబు చెప్పండి. తెలియకపోతే తెలియదని ఒప్పుకొనండి. అడిగి తెలుసుకొని నిలిచిన బిడ్డ గాలికి కదలదు. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత, మీ బిడ్డను ఒక ప్రశ్న అడుగనియ్యండి.