శాసనసభ పనితీరు: చట్టం కాకముందే తెలుసుకోవలసిన సంగతులు

2006లో తమిళనాడు శాసనసభ ఒక చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రంలోని పాఠశాలలలో తమిళం తప్పనిసరి పాఠ్యాంశం కావాలనీ, ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతికి దానిని విస్తరించాలనీ అందులోని సారాంశం. 2006–07లో బడిలో చేరిన పిల్లలు 2015–16లో పదవ తరగతికి వచ్చారు. పరీక్ష దగ్గరపడేకొద్దీ తెలుగు, ఉర్దూ, కన్నడ మాధ్యమాలలో చదివే పిల్లల తల్లిదండ్రులలో ఆందోళన పెరిగింది. వ్యవహారం న్యాయస్థానాలకు చేరింది. 2023లో సుప్రీంకోర్టు భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు ఆ యేటి పరీక్షకు మినహాయింపు ఇచ్చింది.

ఆ చట్టం మంచిచెడులను ఇక్కడ విచారించడం లేదు. గమనించవలసినది ఒక్కటే: బిల్లు సభలో ఉన్నప్పుడు చెప్పుకొనే మాటకు ఒక విన్నపం చాలు, అది చట్టమైన తరువాత అదే మాటకు ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాలి. అందువల్ల సభ పని ఎలా సాగుతుందో తెలుసుకోవడం పొరుగు రాష్ట్రం నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారికి మరింత అవసరం.

మన సభ

చెన్నైలోని సెయింట్ జార్జి కోటలో సమావేశమయ్యే తమిళనాడు శాసనసభలో 234 మంది సభ్యులు ఉన్నారు. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో ఏర్పడిన జోలార్‌పేట వాటిలో 49వ నియోజకవర్గం, గుడియాత్తం 46వది. ఈ సభ చరిత్రలో తెలుగువారికీ స్థానం ఉంది. 1937లో ఏర్పడిన మద్రాసు శాసనసభకు స్పీకరుగా ఎన్నికైనవారు బులుసు సాంబమూర్తి.

1986లో ఎగువ సభ అయిన శాసన మండలి రద్దయింది. నాటినుండి ఒకే సభ మిగిలింది. ఇక్కడ ఆమోదం పొందిన బిల్లును మరొకమారు పరిశీలించే రెండవ సభ లేదు. కనుక ఉన్న ఒక్క సభలోనే పరిశీలన నిదానంగా, నిశితంగా జరగడం ముఖ్యం.

వేగం వేరు, సామర్థ్యం వేరు

బిల్లుకు మూడు దశలు ఉంటాయి: ప్రవేశపెట్టడం, చర్చించడం, ఆమోదించడం. దేశంలోని పలు రాష్ట్రాల శాసనసభలలో సమావేశాల చివరి రోజులలో అనేక బిల్లులు వరుసగా మూజువాణి ఓటుతో ఆమోదం పొందుతుంటాయి. పని త్వరగా ముగిసినట్లు కనబడుతుంది గాని, తొందరలో దొర్లిన లోపాలను సరిదిద్దడానికి మళ్లీ సవరణ బిల్లులు, వ్యాజ్యాలు తప్పవు.

దీనికి విరుగుడు కమిటీల పరిశీలన. పార్లమెంటులో 1993 నుండి శాఖలవారీ స్థాయీ సంఘాలు ఉన్నాయి. కేరళ శాసనసభ 1980లోనే విషయ కమిటీలను ఏర్పరచుకొని, బిల్లులను వాటి పరిశీలనకు పంపే ఆచారం పెట్టుకొంది. కమిటీ నిపుణులను పిలిచి వినగలదు. బిల్లు వల్ల ప్రభావితులయ్యేవారి అభిప్రాయాలు తీసుకోగలదు.

సమావేశాల సంఖ్య మరొక కొలమానం. రాజ్యాంగ పనితీరు సమీక్షా సంఘం 2002లో ఇచ్చిన నివేదికలో, 70 మందికి మించిన సభ్యులున్న శాసనసభలు ఏటా కనీసం 90 రోజులైనా సమావేశం కావాలని సూచించింది. దేశంలో అనేక సభలు ఆ సంఖ్యకు చాలా దూరంలో ఉన్నాయి. రోజులు తగ్గితే మొదట నష్టపోయేది ప్రశ్నోత్తరాల సమయమే.

తెరుచుకొంటున్న తలుపులు

తమిళనాడు శాసనసభలో 2021 ఆగస్టు 13న తొలిసారిగా కాగితరహిత బడ్జెట్టును ప్రవేశపెట్టారు. 2022 జనవరి 6న మొదటిసారి ప్రశ్నోత్తరాలను ప్రత్యక్ష ప్రసారం చేశారు. ఇవి రెండూ ముందడుగులే. అయితే కాగితం స్థానంలో తెర వచ్చినంత మాత్రాన పారదర్శకత రాదు. సభ్యుని చేతికి అందిన బిల్లు ప్రతి అదే రోజున పౌరునికీ అందాలి. ఎవరు ఏ పక్షాన ఓటు వేశారో తెలియాలి. అప్పుడే తలుపు నిజంగా తెరిచినట్లు.

సభలో మంత్రి ఇచ్చిన మాట గాలికి పోకుండా చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఖర్చులపై కాగ్ ఇచ్చే నివేదికలను ప్రజా పద్దుల కమిటీ పరిశీలిస్తుంది. కాగ్ నివేదిక సభ ముందు ఉంచిన తరువాతనే ప్రజలకు అందుబాటులోకి వస్తుంది. అందువల్ల దానిని సకాలంలో సభకు సమర్పించడం కూడా పారదర్శకతలో భాగమే.

మనం చేయగలిగినవి

ఓటు: ఓటు ఇంకా స్వస్థలంలోనే ఉంటే ఇక్కడి సభ్యునికి మనం లెక్కలోకి రాము. నివాసం మారినవారు ఫారం 8, కొత్తగా నమోదయ్యేవారు ఫారం 6 సమర్పించాలి.

ప్రశ్న: వీధి సమస్యను పురపాలక సంఘానికి చెప్పాలి; రాష్ట్ర శాఖల సమస్యను శాసనసభ్యునికి వ్రాతపూర్వకంగా ఇచ్చి, సభలో ప్రశ్నగా అడగమని కోరవచ్చు.

అర్జీ: శాసనసభకు అర్జీల కమిటీ ఉంది. దీర్ఘకాలంగా పరిష్కారం కాని ప్రజా సమస్యలను దానికి నివేదించవచ్చు. న్యాయస్థానంలో విచారణలో ఉన్న విషయాలకు ఇది తగిన మార్గం కాదు.

సమాచార హక్కు: 2005 నాటి చట్టం ప్రకారం 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజులలో సమాధానం రావాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. దరఖాస్తు ఇక్కడ తమిళంలో గాని, ఆంగ్లంలో గాని, హిందీలో గాని ఉండాలి. వ్రాయలేనివారు నోటితో చెప్పినదానిని వ్రాతలో పెట్టడానికి సమాచార అధికారి సహాయం చేయాలి.

భాష: రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం ఇచ్చుకోవచ్చు. తెలుగు విన్నపం చెల్లుతుంది. తమిళ అనువాదం జతచేస్తే పని త్వరగా సాగుతుంది. 210వ అధికరణం ప్రకారం, సభలో వాడే భాషలలో తన భావాన్ని తగినట్లు చెప్పలేని సభ్యునికి మాతృభాషలో మాట్లాడటానికి సభాపతి అనుమతి ఇవ్వవచ్చు.

తదుపరి సమావేశాలు మొదలైనప్పుడు ఒక్కరోజు ప్రశ్నోత్తరాలు చూడండి. తమిళం పూర్తిగా అర్థం కాకపోతే బడికి వెళ్లే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పించుకోండి. అక్కడ నిర్ణయమయ్యేది వారి బడి, మన రేషను, మన నీరు.