రికార్డు నిలుస్తుందా, సీడీ నిలుస్తుందా? మన ఇళ్లలో దాగిన గొంతుల సంగతి

సోలాపూర్‌లోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, మధురైలోనైనా, యానాంలోనైనా, తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్ల ఇంటి అటక మీద వెతికితే రెండు రకాల పళ్ళేలు దొరకడం మామూలే. ఒకటి నల్లటి రికార్డు, రెండోది వెండిలా మెరిసే సీడీ. ఇల్లు మారేటప్పుడో, పండక్కి బూజు దులిపేటప్పుడో ఈ రెండూ బయటికొస్తాయి. చోటు ఎక్కువ తీసుకుంటుందని రికార్డు పాత సామాన్లవాడికి వెళ్తుంది. సీడీ మాత్రం బీరువా సొరుగులో మిగులుతుంది. కొత్త కాలపు వస్తువు కాబట్టి అదే ఎక్కువ కాలం ఉంటుందని అందరి నమ్మకం.

ఆ నమ్మకం పూర్తిగా నిజం కాదు. ఈ రెండింటిలో ఏది ఎన్నాళ్లు నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది అన్నది తెలుసుకోవడం మనలాంటివాళ్లకు మరింత అవసరం. సినిమా పాట పోతే మళ్ళీ ఎక్కడో దొరుకుతుంది. కానీ మన అమ్మమ్మ మాట్లాడిన బళ్ళారి తెలుగు, హోసూరు తెలుగు, బరంపురం తెలుగు ఏ దుకాణంలోనూ దొరకదు. అది ఉంటే గింటే మన ఇంట్లో రికార్డు చేసుకున్న సీడీలోనే ఉంటుంది.

ఏది ఏదో ముందు గుర్తుపట్టాలి

నల్లటివన్నీ ఒకటి కాదు. బరువుగా, పది అంగుళాల వెడల్పుతో, ఒక్కో పక్క మూడు నిమిషాల పాటతో, లేబుల్ మీద 78 అన్న అంకెతో ఉంటే అది లక్క రికార్డు. లక్కలో రాతిపొడి వంటివి కలిపి వీటిని అచ్చు వేసేవారు. కింద పడితే గాజులా పగిలిపోతుంది. మన దేశంలో 1960లలో కూడా ఇవి తయారయ్యాయి. నాటక పద్యాలు, తొలినాటి సినిమా పాటలు ఇళ్లకు చేరింది వీటి మీదే. శంకరంబాడి సుందరాచారి రాసిన తెలుగుతల్లి గీతం టంగుటూరి సూర్యకుమారి గొంతులో జనానికి దగ్గరైంది కూడా గ్రామఫోను రికార్డు పుణ్యానే.

రెండోది వినైల్ రికార్డు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ఎల్పీని తెచ్చింది. మరుసటి ఏడాది ఆర్సీఏ కంపెనీ 45 సార్లు తిరిగే చిన్న రికార్డును దింపింది. ఇవి పీవీసీతో, అంటే నీళ్ల గొట్టాలకు వాడే జాతి ప్లాస్టిక్‌తో చేసినవి. కొద్దిగా వంగుతాయి గాని పగలవు. పన్నెండు అంగుళాల ఎల్పీలో ఒక్కో పక్క 20 నిమిషాలకు పైగా పడుతుంది. ఘంటసాల పాడిన భగవద్గీత చాలా ఇళ్లలో ఈ రూపంలోనే మోగింది.

మూడోది కంపెనీ అచ్చు వేసిన సీడీ. సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన ఇది 1982 అక్టోబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. నాలుగోది ఇంట్లోనో, ఫోటో స్టూడియోలోనో కంప్యూటర్ మీద రైట్ చేయించిన సీడీ. పైకి మూడు, నాలుగు ఒకేలా కనిపిస్తాయి. తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. కంపెనీ సీడీ అడుగు వెండి రంగులో ఉంటుంది. రైట్ చేసిన దానికి నీలం, ఆకుపచ్చ, లేదా లేత బంగారు ఛాయ ఉంటుంది. ఈ చిన్న తేడాలోనే అసలు విషయం ఉంది.

రికార్డు నెమ్మదిగా అరుగుతుంది

రికార్డులో శబ్దం గాడి రూపంలో ఉంటుంది. పాట ఎలా కంపించిందో గాడి గోడలు అలాగే వంకర్లు తిరిగి ఉంటాయి. ముల్లు ఆ వంకర్ల వెంట నడుస్తూ కదులుతుంది, ఆ కదలికే మళ్ళీ శబ్దమవుతుంది. మధ్యలో అంకెలూ లేవు, సంకేతాలూ లేవు. అందుకే రికార్డు ఎంత పాతదైనా, దాన్ని చదివే పరికరం మళ్ళీ తయారు చేసుకోవచ్చు.

1977లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వాయేజర్ నౌకలతో సందేశం పంపినప్పుడు ఎంచుకున్నది కూడా గాడి ఉన్న పళ్ళేన్నే. బంగారు పూత పూసిన రాగి రికార్డు అది. అందులో 55 భాషల పలకరింపులు ఉన్నాయి. మన తెలుగు ఉంది. మన చుట్టూ ఉన్న కన్నడం, మరాఠీ, ఒడియా కూడా ఉన్నాయి. చదివేవాడికి మన యంత్రాల గురించి ఏమీ తెలియకపోయినా అర్థమయ్యేలా ఉండాలంటే గాడే సులువు.

అయితే రికార్డుకూ శత్రువులున్నారు. మొదటిది ముల్లు. మోగించిన ప్రతిసారీ ముల్లు గాడిని రాసుకుంటూ పోతుంది. అరిగిన ముల్లు, ఎక్కువ బరువు పడే చెయ్యి గాడిని కొన్నిసార్లకే గీకేస్తాయి. రెండోది దుమ్ము. గాడిలో ఇరుక్కున్న దుమ్మే చిటపట శబ్దం. మూడోది వేడి. ఎండ పడే కిటికీ దగ్గరో, మూసిన కారులోనో పెడితే వినైల్ అప్పడంలా వంకర తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి దొంతర పేర్చినా అంతే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రికార్డు పాడైతే వినపడుతుంది, కనపడుతుంది. గీత పడితే ఆ ముక్క దగ్గర టక్కుమంటుంది, మిగతా పాట మోగుతుంది. అరిగితే మసకబారుతుంది గాని మాయం కాదు. సరిగ్గా దాచి, తక్కువగా మోగించిన వినైల్ 50 ఏళ్ల తర్వాత కూడా బాగానే పాడుతుంది. లక్క రికార్డులు ఇంకా పాతవైనా పగలకుండా ఉంటే ఇప్పటికీ మోగుతాయి.

సీడీ చెప్పకుండా పోతుంది

సీడీ మీద శబ్దం అంకెలుగా ఉంటుంది. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఆ కొలతలను అతి చిన్న గుంటలుగా అచ్చు వేస్తారు. లేజరు కాంతి ఆ గుంటలను చదువుతుంది. ఏదీ తగలదు కాబట్టి ఎన్నిసార్లు మోగించినా అరుగుదల ఉండదు. ఇది సీడీకి ఉన్న గొప్ప బలం. రెండో బలం, తప్పులు దిద్దుకునే ఏర్పాటు. అంకెలతో పాటు వాటిని సరిచూసే అంకెలు కూడా సీడీ మీద ఉంటాయి. చిన్న గీతలు పడితే పోయిన భాగాన్ని ప్లేయరు లెక్కగట్టి నింపుకుంటుంది. మనకు తేడా తెలియదు.

ఆ బలంలోనే బలహీనత కూడా ఉంది. సరిదిద్దగలిగినంత కాలం సీడీ కొత్తదానిలా పాడుతుంది. ఆ హద్దు దాటిన రోజు ఒక్కసారిగా ఆగిపోతుంది, లేదా ప్లేయరు అసలు గుర్తించదు. ముందస్తు హెచ్చరిక దాదాపు ఉండదు.

సీడీలో మనం జాగ్రత్తపడేది అడుగు భాగం గురించి. నిజానికి పై భాగం ఎక్కువ సున్నితం. అడుగున ఒక మిల్లీమీటరుకు పైగా మందమున్న ప్లాస్టిక్ కాపాడుతుంది. కాంతిని తిప్పికొట్టే అల్యూమినియం పొర మాత్రం లేబుల్‌కు కిందనే, వార్నిష్ లాంటి పలచని పూత చాటున ఉంటుంది. లేబుల్ మీద బాల్ పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన స్టిక్కరు పీకినా ఆ పొర దెబ్బతినొచ్చు. పూత చిల్లుపడి గాలి, చెమ్మ లోపలికి చేరితే అల్యూమినియం తుప్పు పడుతుంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే చిన్న చిన్న చుక్కలుగా వెలుతురు కనిపిస్తుంది. బ్రిటన్‌లోని బ్లాక్‌బర్న్ కర్మాగారంలో 1988 నుంచి 1993 వరకు తయారైన కొన్ని సీడీలు గోధుమ రంగుకు తిరిగి పాడైపోయాయి. అయినా సరిగ్గా తయారై, చల్లగా పొడిగా దాచిన కంపెనీ సీడీ దశాబ్దాలు నిలుస్తుంది.

అందరికంటే ముందు పోయేది మనం రైట్ చేయించిన సీడీ

రైట్ చేసే సీడీలో అచ్చు గుంటలు ఉండవు. ఒక రంగు పూత ఉంటుంది. రైటరులోని లేజరు ఆ రంగును చుక్కలు చుక్కలుగా మాడుస్తుంది. మాడిన చోటు, మాడని చోటు, ఈ తేడాయే రికార్డింగు. ఎండకు చీర రంగు వెలిసినట్టే ఈ రంగు కూడా వెలుతురుకు, వేడికి వెలిసిపోతుంది. తేడా చెరిగిపోతే లేజరు చదవలేదు. 100 ఏళ్లుంటాయని తయారీదార్లు చెప్పుకున్న మాట మంచి రకాలకు, మంచి గదులకు సంబంధించినది. చవక రకాలు కొన్నేళ్లకే మొరాయించడం మనలో చాలామంది చూసిందే.

మన ఇళ్లలో 2000 తర్వాత జరిగిన పెళ్లి, షష్టిపూర్తి, తాతగారు చెప్పిన ఊరి వలస కథ, నాయనమ్మ పాడిన మంగళహారతి, లాలిపాట, ఇవన్నీ ఎక్కువగా ఎక్కింది ఈ నాలుగో రకం మీదే. పాత టేపు క్యాసెట్‌ను "సీడీలోకి మార్పించాం, ఇక భయం లేదు" అనుకుని క్యాసెట్ పారేసిన ఇళ్లూ ఉన్నాయి. అంటే అన్నిటికంటే విలువైనది అన్నిటికంటే బలహీనమైన దాని మీద ఉంది.

వినడానికి ఏది బాగుంటుంది?

కొలతల ప్రకారం సీడీదే పైచేయి. అతి నెమ్మది శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ మధ్య సీడీ సుమారు 96 డెసిబెల్స్ తేడా చూపగలదు. ఎల్పీ దాదాపు 60, 70 దగ్గర ఆగుతుంది. గరగర ఉండదు, కావలసిన పాట వెంటనే పెట్టుకోవచ్చు. ఎల్పీలో గాడి లోపలికి వచ్చే కొద్దీ స్పష్టత కూడా కొంత తగ్గుతుంది.

అయినా అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులు ఎక్కువ అమ్ముడయ్యాయి. సంఖ్యలో చూస్తే సుమారు 4.1 కోట్లు, 3.3 కోట్లు. 1987 తర్వాత ఇలా జరగడం అదే మొదలు. కొన్నవాళ్లందరూ శబ్దం కోసమే కొనలేదు. రికార్డు తీయాలి, తుడవాలి, ముల్లు ఆనించాలి, 20 నిమిషాలకు లేచి తిప్పాలి. పాట వినడం ఒక పని అవుతుంది, కూర్చుని వినడం అలవాటవుతుంది.

మనకు ఇంకో ఆకర్షణ ఉంది. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదువుకున్న మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని చదవడానికి తడబడతారు. పాత సినిమా రికార్డుల కవర్ల మీద పేర్లు చాలావాటికి పెద్ద తెలుగు అక్షరాల్లో ఉంటాయి. పిల్లల చేత వేలు పెట్టి చదివించడానికి అంతకంటే మంచి బొమ్మల పుస్తకం ఏముంది?

మన ఊళ్ల ఎండ, చెమ్మ

సోలాపూర్, బళ్ళారి, రాయగడ వేసవి వేడికి అటక మంచి చోటు కాదు. రేకుల కప్పు కింద అసలే వద్దు. యానాం, బరంపురం, భివండి వంటి చోట్ల చెమ్మ వల్ల కవర్లకు బూజు పడుతుంది. అది గాడిలోకీ పాకుతుంది. కింది గదిలో, బయటి గోడకు ఆనని బీరువాలో, చీకటిగా, పొడిగా ఉండే అర అన్నిటికీ మంచిది.

రికార్డులను పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. సీడీలనూ పెట్టెల్లో నిలువుగానే ఉంచాలి. వినైల్‌ను మెత్తటి బట్టతో గాడి వెంట గుండ్రంగా తుడవాలి. సీడీని గుండ్రంగా తుడవకూడదు, మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. లక్క రికార్డుకు స్పిరిట్ గాని, ఆల్కహాలు కలిసిన ద్రవం గాని తగలనివ్వకూడదు, లక్క కరిగిపోతుంది. 78 రికార్డు గాడి వెడల్పు. దానికి వేరే ముల్లు కావాలి, ఎల్పీ ముల్లుతో మోగిస్తే రెండూ పాడవుతాయి.

ముందు ఏది చేయాలి?

ఒక ఆదివారం సీడీలన్నీ తీసి, అడుగు రంగు చూసి రెండు కుప్పలు పెట్టండి. రంగు ఛాయ ఉన్న కుప్పతోనే మొదలుపెట్టాలి. అందులోనూ ఇంటి పెద్దల గొంతు ఉన్నవి మొట్టమొదట. ఈ మధ్య వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవు ఉండదు. యూఎస్‌బీకి తగిలించే డ్రైవు ఒకటి నాలుగైదు కుటుంబాలు కలిసి కొనుక్కున్నా చాలు. ఒక డ్రైవు చదవని సీడీని ఇంకో డ్రైవు చదవొచ్చు. ఒక్కసారి ఆగిపోయిందని పారేయకండి.

పాటలను, మాటలను నాణ్యత తగ్గకుండా వేవ్ లేదా ఫ్లాక్ రూపంలో కాపీ చేయండి. నిండా ఉన్న ఆడియో సీడీలు 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 70 దాకా పడతాయి. పెన్‌డ్రైవ్ ఒక్కటే చాలదు, అదీ చెప్పకుండా పోయే వస్తువే. హార్డ్‌డిస్కులో ఒకటి, ఇంకో ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఒకటి ఉంచండి. ఫైలు పేరులో ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది రాయండి. పేరు లేని గొంతును మన మనవలు గుర్తుపట్టలేరు.

రికార్డులకు ఇంత తొందర లేదు. అవి ఇంకో పదేళ్లు బీరువాలో ఓపిగ్గా కూర్చుంటాయి, పాత సామాన్లవాడికి ఇవ్వకుండా ఉంటే చాలు. నాయనమ్మ లాలిపాట ఉన్న ఆ నీలం ఛాయ సీడీని మాత్రం ఈ వారమే బయటికి తీయండి.