గొట్టపు చూపు, దుర్భిణి చూపు



వరంగల్లు ప్రాంతమున, ముఖ్యముగా పాకాల చెఱువు చుట్టునుండు అడవి నానుకొనిన పల్లెలలో, మొక్కజొన్న కంకి పాలుపోసికొనునప్పటికి రైతునకు నిద్ర యుండదు. ఒక్కరాత్రి అడవిపందుల మంద దిగినచో చేను నేలమట్టమగును. మంచెపై కూర్చుండి డప్పు కొట్టుటయు, ఒడిసెల విసరుటయు మన మెఱిగిన ఉపాయములే. అవి చాలనప్పుడు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అధికారి వ్రాతమూలకముగా అనుమతించిననే, లైసెన్సుగల వేటగాడు రైఫిలుతో రావచ్చును. అతడు వచ్చిన దినమున పెద్దలడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, మీ తుపాకి గురి సరిచూచుకొంటిరా?" ఆ ప్రశ్నకు అర్థమేమో నేడు మనవి చేసెదను.

రైఫిలుపై బిగించిన దుర్భిణిలో అడ్డముగా నొకటి, నిలువుగా నొకటి సన్నని గీతలు కనబడును. అవి కలియు చోటే గురి. కాని గుండు వెలువడునది దుర్భిణినుండి గాదు. దానికి సుమారు అంగుళమున్నర క్రిందనున్న గొట్టమునుండి. దుర్భిణిని క్రొత్తగా బిగించినప్పుడు దాని చూపొక వైపునకు, గొట్టపు చూపు వేఱొక వైపునకు నుండవచ్చును. ఒకే కాడికి కట్టిన రెండెడ్లు చెఱియొక వైపు లాగినచో చాలు వంకరపోవునుగదా! ఆ వంకర ఒక్క డిగ్రీ యైనను, 100 గజముల దూరమున గుండు 5 అడుగులకు పైగా తప్పును. అప్పుడది గురికాగితమునకే తగులదు; ఎటు పోయినదో తెలియనిచో ఎటు దిద్దవలెనో తెలియదు. కావున చాంద్‌మారీకి పోకమునుపే ఈ రెండు చూపులను కలుపుకొనవలెను.

విధానము సులభమే. మొదట తుపాకిలో తూటా లేదని కంటితోను, వ్రేలితోను నిశ్చయించుకొనవలెను. తూటాలను దూరముగా నుంచి, వెనుకనున్న బోల్టును ఊడదీయవలెను. తుపాకిని ఇసుకసంచులపై కదలకుండ నిలిపి, 25 గజముల దూరమున గుండ్రని నల్లగుర్తు నొకటి పెట్టవలెను. వెనుకనుండి గొట్టములోగుండ చూచి, ఆ గుర్తును రంధ్రమునకు సరిగా నడుమకు తేవలెను. పిదప తుపాకిని కదల్పక దుర్భిణిలో చూడవలెను. గీతల కూడలి గుర్తుపై లేనిచో దుర్భిణి మరలను త్రిప్పి అచటికి తేవలెను. తుదకు మరల గొట్టములో చూచి, తుపాకి కదలలేదని రూఢి చేసికొనవలెను.

ఇచ్చట రెండు మెలకువలు కలవు. మరపై వ్రాసిన "పైకి" అను గుర్తు గుండు దెబ్బ పైకి పోవుటను తెల్పును. గీతలు మాత్రము క్రిందికి దిగును. మఱియు అనేక దుర్భిణులలో మర యొక్క ఒక టిక్కు 100 గజములకు పావు అంగుళము జరుపును. 25 గజములకు అందులో నాల్గవవంతే. కావున అచట అంగుళము తప్పున్నచో 16 టిక్కులు త్రిప్పవలెను.

బోల్టు వెనుకకు రాని తుపాకులకు గొట్టపుమూతిలో అమర్చు లేజరు సాధనము కలదు. ఆ వెలుగును కంట పడనీయరాదు. కాల్చుటకు ముందు దానిని తప్పక తీసివేయవలెను.

అయితే ఇంతటితో గురి కుదిరినదని భ్రమపడరాదు. గుండు భూమ్యాకర్షణచే క్రిందికి వంగుచు పోవును. ఒక్కొక రకపు తూటా ఒక్కొక తీరున పోవును. చూపులు కలుపుట గుండును కాగితముమీదికి తెచ్చుటకే. వేటకు వాడు తూటాలనే చాంద్‌మారీలో మూడేసి చొప్పున కాల్చి, దెబ్బల నడిమిచోటు చూచి దిద్దిననే గురి పూర్తియగును.

ఇది వేటగాని సొంతపని యని మనము ఊరకుండరాదు. గాయపడిన పంది మనుష్యులపై బడును. తప్పిన గుండు మైలునకు పైగా పోగలదు. ఆ దారిలో ప్రత్తి యేరు కూలీలుండవచ్చును, పసులకాపరి యుండవచ్చును. కావున "అంగడివారు సరిచేసి యిచ్చినారు" అను మాటతో తృప్తిపడక, దెబ్బలు తగిలిన కాగితమును చూపుమని అడుగుడు. గురి కుదిరిన తుపాకికైనను వెనుక మట్టికట్ట లేనిచోట కాల్పు వలదని చెప్పుడు. చేను పోయినచో మరుకారున మరల వేసికొందుము. మనిషి పోయినచో మరల రాడు.