బాలలపై ఘోర నేరాలు: అప్పీలులో శిక్షల సమీక్ష జరిగే విధానం

జహీరాబాద్: పసిబిడ్డలపై జరిగిన ఘోర నేరంలో కింది న్యాయస్థానం మరణశిక్ష విధించిన నాటితోనే వ్యవహారం ముగిసినదని ప్రజలు భావించడం సహజం. చట్టరీత్యా అది ముగింపు కాదు. సెషన్స్ న్యాయస్థానం విధించిన మరణశిక్ష హైకోర్టు ధ్రువీకరించనిదే అమలుకు రాదు. ఇందుకు దోషి అప్పీలు చేసుకోవలసిన అవసరం కూడా లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 407వ సెక్షను ప్రకారం సెషన్స్ న్యాయస్థానమే కేసును హైకోర్టుకు నివేదించవలసి ఉంటుంది. ధ్రువీకరణ ఉత్తర్వుపై కనీసం ఇద్దరు న్యాయమూర్తులు సంతకం చేయాలి.

జహీరాబాద్ చేరివున్న సంగారెడ్డి జిల్లాలో 2023లో అయిదేళ్ల బాలికపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో 2024 సెప్టెంబరులో పోక్సో న్యాయస్థానం మరణశిక్ష విధించింది. ఇటువంటి తీర్పులు పైకోర్టులో ఏ పరీక్షకు నిలవవలసి ఉంటుందో హన్మకొండ ఉదంతం తెలియజేస్తుంది. అక్కడ 2019 జూన్‌లో తొమ్మిది నెలల శిశువు అత్యాచారానికి, హత్యకు గురైంది. రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 8న వరంగల్ న్యాయస్థానం దోషికి మరణశిక్ష విధించింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ హైకోర్టు దానిని తుదిశ్వాస వరకు కారాగారవాసంగా మార్చింది. నాడు ఈ మార్పు పలువురిని కలవరపరచినది. అయితే మారినది శిక్ష మాత్రమే, దోషిత్వం మారలేదు.

'అరుదైన వాటిలో కెల్లా అరుదైన' కేసులకే మరణశిక్ష పరిమితమని బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 1980లో నిర్దేశించింది. నేర తీవ్రతతోపాటు దోషి మానసిక స్థితిని, జైలు నడవడిని, పరివర్తన అవకాశాన్ని కూడా తూచవలెనని 2022లో మనోజ్ కేసులో వివరించింది. శిక్ష తగ్గింపునకు వీలులేని దీర్ఘకాల కారాగారవాసాన్ని విధించే అధికారం హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు మాత్రమే కలదని 2015 నాటి శ్రీహరన్ తీర్పు పేర్కొన్నది.

చట్టం నిర్ణయించిన కనీస శిక్షను తగ్గించే వీలు అప్పీలు న్యాయస్థానానికి ఉండదు. పోక్సో చట్టం 6వ సెక్షను కింద ఈ కనీసం 20 ఏళ్లు. ఇది 2019 ఆగస్టు 16 నుండి జరిగిన నేరాలకు వర్తిస్తుంది; అంతకు పూర్వపు నేరాలకు 10 ఏళ్లే.

శిక్ష చాలదని భావించే కుటుంబాలు తరచు పొరబడే అంశం ఒకటున్నది. నిర్దోషిగా విడుదల చేసినా, తక్కువ నేరంగా నిర్ధారించినా, పరిహారం చాలకపోయినా బాధితులు స్వయంగా అప్పీలు చేయవచ్చు. శిక్ష పెంపు కోరే హక్కు మాత్రం 418వ సెక్షను కింద ప్రభుత్వానిదే. 2020లో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచింది. దోషి వేసిన అప్పీలులో శిక్షను పెంచుటకు చట్టం అనుమతించదు. కావున అట్టి కుటుంబాలు తీర్పు ప్రతితో పబ్లిక్ ప్రాసిక్యూటరును జాప్యం లేకుండా కలుసుకొనవలెను. న్యాయవాదిని నియమించుకొనే స్తోమత లేనివారు సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత సహాయం పొందవచ్చును.