నాలుగు రాత్రుల ఇల్లు మన బండే
మేడారం పోయే కుటుంబాలు ఊరు కదలకముందే సర్దుకోవలసిన సంగతులు

తాడ్వాయి: మేడారం జాతరకు పోయే పల్లెటూరి కుటుంబానికి గదైనా, గుడారమైనా, మంచమైనా తాము పోయిన బండే. గద్దెల దగ్గర సత్రాల్లో చోటు దొరికేవారు బహు కొద్దిమంది. మిగిలినవారంతా జంపన్నవాగు ఒడ్డునో, నార్లాపూర్, ఊరట్టం పొలాల్లోనో బండి విప్పి రాత్రి గడపవలసిందే. బండిని ఇంటి దగ్గరే సరిగా అమర్చుకున్నవారు నిశ్చింతగా నిద్రపోతారు. తోసినట్టు సామాను వేసుకుని పోయినవారు చలికి, మంచుకు, దోమలకు జాగారం చేస్తారు. తెలియక చేసిన చిన్న పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది కూడా.

రెండేళ్ళకొకసారి మాఘమాసంలో పున్నమి వేళ వచ్చే ఈ జాతర బుధవారం మొదలై శనివారంతో ముగుస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు తేదీలు పడ్డాయి. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు వస్తారు. శుక్రవారమంతా మొక్కులు, శనివారం వనప్రవేశం. అంటే ఇద్దరు తల్లులనూ గద్దెల మీద చూసి మొక్కు తీర్చుకోవాలంటే తక్కువలో తక్కువ రెండు మూడు రాత్రులు అడవిలో ఉండాలి. అది చలి ఇంకా వదలని కాలం. తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది.

పాత బండి నేర్పిన పాఠం

మోటార్లు రాకముందు ములుగు, పరకాల, భూపాలపల్లి, మహబూబాబాద్ ప్రాంతాల రైతులు ఎడ్లబండ్ల మీదనే మేడారం పోయేవారు. ఇప్పటికీ కొన్ని ఊళ్ళవారు ఆ ఆనవాయితీ వదలలేదు. జాతరకు పది పదిహేను రోజుల ముందే బండి పని మొదలయ్యేది. ఇరుసుకు కందెన పెట్టడం, చక్రాల ఆకులు వదులైతే వడ్రంగి చేత బిగింపించడం, ఎడ్లకు నాడాలు కొట్టించడం మగవారి పని. వెదురు బద్దలు వంచి గూడు కట్టి, దాని మీద తడకలు, గోనెపట్టాలు పరిచేవారు. అడుగున వరిగడ్డి, దాని మీద చాప, బొంత, పైన కప్పుకోవడానికి గొంగడి. ఆ గడ్డే నిద్రకు పరుపు, ఎడ్లకు మేత. తిరుగు ప్రయాణానికి పరుపు పలచబడేది గాని, అప్పటికి బరువు కూడా తగ్గేది.

ఆ బండిలో గమనించవలసిన సంగతులు మూడు ఉన్నాయి. గూడుకు ముందు, వెనుక తెరిచి ఉండేది కాబట్టి గాలి ఆడేది. పొయ్యి ఎప్పుడూ బండికి దూరంగా, గాలి వాటం చూసి పెట్టేవారు, గడ్డి ఉన్న చోట నిప్పు ఉండేది కాదు. బరువు సరిగ్గా ఇరుసు మీద పడేటట్టు సర్దేవారు. ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి మెడకింది తాడు గొంతుకు బిగుస్తుంది. ఇవాళ బండి మారింది, ఎడ్లకు బదులు ఇంజను వచ్చింది. కాని ఈ మూడు సూత్రాలు మారలేదు. వాటిని మరచిన చోటే ముప్పు.

ట్రాలీ సామానుకు, మనుషులకు బస్సు

ఇప్పుడు ఎక్కువ కుటుంబాలకు ఇల్లయ్యేది ట్రాక్టరు ట్రాలీ. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. నడుస్తున్న ట్రాలీలో జనాన్ని ఎక్కించడం మోటారు వాహనాల నిబంధనలకు విరుద్ధం. సరుకు బండిలో ఉచితంగా ఎక్కినవారికి ప్రమాదం జరిగితే పరిహారం బీమా కంపెనీ బాధ్యత కాదని సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. ఆ భారమంతా బండి యజమాని మీద పడుతుంది. భూమి అమ్ముకున్నా తీరని భారం అది. మలుపు దగ్గర ఒక చక్రం గుంటలో దిగితే ట్రాలీ బోర్లా పడుతుంది, లోపల పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

కాబట్టి తెలివైన పద్ధతి ఒకటే. బియ్యం, బొంతలు, నీళ్ళు, కట్టెలు ట్రాలీలో ముందు పోవాలి. ఆడవారు, పిల్లలు, ముసలివారు ఆర్టీసీ జాతర బస్సులో రావాలి. ట్రాలీ ఆగిన చోట వారు ఇల్లు చేరుకున్నట్టు చేరతారు. అయితే బస్సులు ఆగే చోటు వేరు, ప్రైవేటు బండ్లు నిలిపే చోటు వేరు. గత జాతరల్లో ఆర్టీసీ బస్సులను తాడ్వాయి దారిన, ప్రైవేటు బండ్లను పస్రా, నార్లాపూర్ దారిన పంపారు. ఎక్కడ కలుసుకోవాలో ఊళ్ళోనే నిశ్చయించుకోవాలి. జనం కిక్కిరిసినప్పుడు సెల్‌ఫోన్లు పలకవు. పొడవాటి వెదురుకు ఎర్రగుడ్డో, పాత బిందెనో కట్టి బండి మీద నిలబెడితే దూరం నుంచి గుర్తుపట్టవచ్చు.

పడక ఎట్లా వేయాలి?

సాధారణంగా ట్రాలీ పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉంటుంది. నిలువునా పడుకుంటే ముగ్గురికి మించి పట్టరు. అడ్డంగా, మనిషికి రెండడుగుల చొప్పున వేసుకుంటే ఐదుగురు హాయిగా పడుకోవచ్చు. ఇనుప అడుగు రాత్రిపూట మంచుగడ్డలాగా చల్లబడుతుంది, మనం పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా కిందినుంచి వేడిని లాగేస్తుంది. అందుకే కప్పుకునేవాటికంటే పరిచేవి ఎక్కువ తీసుకుపోవాలి. ముందు పాత ప్లాస్టిక్ పట్టా, దాని మీద జానెడు మందాన వరిగడ్డి, గడ్డి చెదరకుండా విప్పి కుట్టిన గోనెసంచులు, ఆపైన బొంత. ఎండిన గడ్డి మధ్య నిలిచిన గాలే చలిని ఆపుతుంది. తడిసిన గడ్డి పనికిరాదు.

కప్పుకు ఐదు వెదురు బద్దలు వంచి ట్రాలీ పక్కలకు కట్టి, మీద టార్పాలిన్ వేయాలి. మనిషి కూర్చుంటే తల తగలనంత ఎత్తు చాలు. మరీ ఎత్తయితే గాలికి ఆగదు, కొమ్మలకు, కరెంటు తీగలకు తగిలే ప్రమాదం. నడిచేటప్పుడు కప్పు విప్పి అడుగున పెట్టి, ఆగిన తరువాతే కట్టడం మంచిది. రెండు చివరలా తెరిచే ఉంచాలి. నాలుగువైపులా బిగించి కప్పితే మన ఊపిరి తేమే టార్పాలిన్‌కు పట్టి తెల్లవారేసరికి బొంతల మీద బొట్లుబొట్లుగా రాలుతుంది. చలి గాలి వచ్చే వైపు మాత్రం ఒక పరదా వేస్తే సరిపోతుంది. లోపల దోమతెర తప్పనిసరి. మలేరియా ఉన్న అడవి ప్రాంతం ఇది.

కొందరు ట్రాలీ కింద నీడ ఉందని అక్కడే పడక వేస్తారు. అది ఎంతమాత్రం తగదు. పక్కబండి డ్రైవరు చీకట్లో వెనక్కి తీస్తే కింద మనిషి ఉన్నాడని అతనికి తెలియదు. నేల మీద పడుకున్నవారికి కట్లపాము భయం కూడా ఉంది. అది రాత్రిపూట తిరిగే పాము, కాటు వేసినా పెద్ద నొప్పి ఉండదు. అనుమానం వస్తే కోయడం, తాడు బిగించడం, మంత్రాలు మాని వెంటనే జాతర ఆసుపత్రికి చేర్చాలి, లేదా 108కి కబురు చేయాలి.

ట్రాలీ నిలిపిన వెంటనే చక్రాలకు ముందు, వెనుక రాళ్ళు పెట్టాలి. ఎత్తి పోసే హైడ్రాలిక్ ట్రాలీ అయితే ట్రాక్టరు తాళం ఒక బాధ్యతగల మనిషి మొలలో ఉండాలి. పిల్లలు మీట కదిపితే పడకతో సహా ట్రాలీ లేస్తుంది.

నీళ్ళు, బరువు

తాగడానికి, వండడానికి మనిషికి రోజుకు ఐదు లీటర్లు అనుకున్నా, ఐదుగురికి నాలుగు రోజులకు 100 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల డబ్బాలు ఐదు, 100 కిలోల బరువు. వాటిని ట్రాలీ వెనుక అంచున కాకుండా ఇరుసుకు కొంచెం ముందుగా, అడుగున పెట్టాలి. వెనుక బరువు పెరిగితే ట్రాలీ ముందు భాగం లేచి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది. ఎడ్లబండి సూత్రమే ఇక్కడా. జంపన్నవాగు నీరు స్నానానికే గాని తాగడానికి కాదు. అయిపోతే కుళాయి నీళ్ళు పట్టి కాచి చల్లార్చుకోవాలి.

మొక్కు బెల్లం మూత బిగిసే డబ్బాలో ఉంచకపోతే మొదటి రాత్రే చీమలు పడక ఎక్కుతాయి. మేకపోతును, కోళ్ళను పడకకు దూరంగా కట్టాలి. వెలుతురుకు లాంతరు, కొవ్వొత్తి వద్దు. ట్రాక్టరు బ్యాటరీ నుంచి ఐదు వాట్ల ఎల్ఈడీ బల్బు ఒకటి రాత్రంతా వెలిగినా మర్నాడు ఇంజను స్టార్టు కావడానికి ఇబ్బంది ఉండదు.

కనబడని విషవాయువు

అన్నిటికంటే పెద్ద ముప్పు వ్యానుల్లో, కార్లలో పడుకునేవారికి ఉంది. వెనుక సీట్లు తీసి, సమంగా ఒక చెక్క వేసి, కింద సామాను పెట్టుకుంటే చిన్న వ్యాను ఇద్దరు ముగ్గురికి చక్కని పడక అవుతుంది. అందులో తప్పు లేదు. తప్పంతా చలికి అద్దాలన్నీ ఎత్తి, లోపల బొగ్గుల కుంపటి పెట్టుకోవడంలో ఉంది. లేదా ఇంజను నడుస్తుండగా నిద్రపోవడంలో ఉంది.

బొగ్గు గాని, పెట్రోలు గాని, డీజిలు గాని సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. పొగ లేని ఎర్రని నిప్పుల నుంచి కూడా అది వస్తుంది. మనం పీల్చినప్పుడు నెత్తుటిలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం కనబడతాయి. నిద్రలో ఉన్నవారికి ఆ సూచన కూడా అందదు. పడుకున్నవారు పడుకున్నట్టే పోతారు.

జాతరలో బండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మన ఇంజను ఆపినా పక్క బండి పొగగొట్టం మన కిటికీ వైపు ఉంటే ముప్పు మనకే. జనరేటరు దగ్గర కూడా ఇంతే. అందుచేత ఎదురెదురు కిటికీలు రెండు, రెండు వేళ్ళ సందైనా తెరిచి, వాటికి దోమల జాలీ కట్టాలి. ఇంజను ఆపాలి. కుంపటి ఎంత చిన్నదైనా లోపలికి తేకూడదు. కిటికీ తెరిచామన్న ధైర్యంతో ఇంజను నడపడం గాని, కుంపటి పెట్టడం గాని చేయరాదు. బండిలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి అంటే జలుబు అనుకోవద్దు. అందరినీ వెంటనే బయటి గాలిలోకి తెచ్చి వైద్యానికి పంపాలి.

వంటగ్యాసుది వేరే గుణం. అది గాలికంటే బరువైనది, కిందికి దిగి నిలుస్తుంది. రెండడుగుల పక్కలున్న ట్రాలీ ఒక తొట్టివంటిది. సిలిండరు కారితే గ్యాసు సరిగ్గా మనం తలపెట్టిన ఎత్తులోనే నిండుతుంది. కాబట్టి సిలిండరును రాత్రిపూట కిందికి దించి, నిలువుగా, బయటే ఉంచాలి. ఊళ్ళోనే రెగ్యులేటరు దగ్గర సబ్బునీళ్ళు పూసి బుడగలు వస్తున్నాయేమో చూసుకోవాలి.

కట్టెల పొయ్యి పెట్టేవారు జానెడు గుంట తవ్వి, చుట్టూ ఎండాకులు ఊడ్చి, గడ్డి ఉన్న బండికి గాలి పోయే దిక్కున పెట్టాలి. పనయ్యాక నీళ్ళు చల్లి, బూడిదను చేత్తో తాకి చూసి కదలాలి. ఏటూరునాగారం అభయారణ్యం పక్కనే ఉంది. మాఘంలో రాలిన టేకాకుకు ఒక బీడీ చాలు. పడక మీద బీడీ తాగనివ్వకూడదని వేరే చెప్పనక్కరలేదు.

పంచాయతీలు, పోలీసులు చేయగలిగినవి

కుటుంబాలు తీసుకునే జాగ్రత్తలకు తోడు పార్కింగు పొలాల్లో ఒక చిన్న ఏర్పాటు ఎంతో మేలు చేస్తుంది. బండ్లు కదిలే దారికి, జనం పడుకునే చోటుకు మధ్య సున్నపు గీత గీసి, రాత్రి పదినుంచి తెల్లవారే దాకా పడకల మధ్య బండి తీయకుండా కాపలా పెట్టాలి. ఊరినుంచి పది బండ్లు పోతే అన్నీ ఒకే వరుసలో, పొగగొట్టాలు బయటి వైపు ఉండేట్టు నిలిపి, రాత్రికి వంతుల ప్రకారం ఇద్దరు మెలకువగా ఉండవచ్చు. దీనికి డబ్బు ఖర్చు లేదు. గ్రామ పంచాయతీలు జాతరకు ముందు ఒక దండోరా వేయించి, కుంపటి సంగతి, ట్రాలీ సంగతి ఇంటింటికీ తెలియజేయాలి.

పెద్ద జాతరకు ఇంకా గడువున్నా, బండిని అమర్చి చూసుకోవడానికి జాతర దాకా ఆగనక్కరలేదు. చేను కాపలాకు పోయినప్పుడు ఒక రాత్రి అందులో పడుకుని చూస్తే ఎక్కడ చలి కొడుతున్నదో, ఎక్కడ గాలి ఆడడం లేదో తెలుస్తుంది. గడ్డి పలచనైతే మందం చేసుకోవచ్చు, పరదా చాలకపోతే కుట్టించుకోవచ్చు. బయలుదేరే నాటికి బండి సిద్ధంగా ఉంటే, ములుగు దగ్గర గట్టమ్మకు మొదటి మొక్కు చెల్లించి నిబ్బరంగా ముందుకు సాగవచ్చు.