రుద్దొద్దు, రాయండి: పసిపిల్లల ఎగ్జిమా

తొమ్మిది నెలల పాప. ఎర్రగా కందిన బుగ్గల్ని నిద్రమత్తులో తల్లి భుజానికి అదేపనిగా రుద్దుకుంటోంది. గోక్కోకుండా చేతులకు సాక్సులు తొడిగారు. ఇంట్లో తలా ఒక మాట.

అపోహ: ఇది గజ్జి, అంటుకుంటుంది.

ఎగ్జిమా అంటదు. గజ్జి పురుగు వల్ల వస్తుంది. ఇంట్లో మిగతావాళ్లకూ దురద మొదలవుతుంది. ఎగ్జిమాలో చర్మం తడిని నిలుపుకోలేదు. చర్మానికి గట్టిదనమిచ్చే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉంటే ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. ఇందులో తల్లి తప్పేమీ లేదు.

అపోహ: సున్నిపిండితో బాగా రుద్దితే పోతుంది.

ఎక్కువ చెడుపు ఇక్కడే జరుగుతోంది. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటిమీద బోర్లా పడుకోబెట్టి, నలుగు పెట్టి, వేడివేడి నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టే అమ్మమ్మల ప్రేమను నేను కాదనను. కానీ ఎగ్జిమా ఉన్న ఒంటికి ఆ పిండి గరుకు కాగితమే. ఆ పొగ కూడా పడదు. గోరువెచ్చని నీళ్లతో ఐదు, పది నిమిషాల్లో స్నానం ముగించాలి. మెత్తని తువ్వాలుతో అద్ది, చెమ్మ ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దట్టంగా రాయాలి. రోజుకు కనీసం రెండుసార్లు, చర్మం బాగున్న రోజుల్లో కూడా. ఒళ్లంతా ఎగ్జిమా ఉంటే వారానికి 250 గ్రాములు పట్టినా అది వృథా కాదు. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం వద్దు.

అపోహ: స్టెరాయిడ్ క్రీమ్ జోలికే పోకూడదు.

డాక్టరు రాసిన తేలికపాటి క్రీమ్‌ను చెప్పినన్ని రోజులు, చెప్పినంత వాడితే భయం లేదు. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. జంకుతూ చుక్క రాసి, మర్నాడే ఆపేస్తే తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. నిజంగా భయపడాల్సింది, మందుల షాపులో చీటీ లేకుండా 'తామర ట్యూబు' పేరుతో ఇచ్చే కలగలుపు క్రీములకి. చాలావాటిలో క్లోబెటాసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. పసి బుగ్గల మీద అది రాస్తే చర్మం పలచబడిపోతుంది.

అపోహ: తల్లి వంకాయ, గుడ్డు మానేస్తే తగ్గుతుంది.

పాలిచ్చే తల్లిని చారన్నంతో సరిపెడితే ఆమే నీరసిస్తుంది. కొందరు పిల్లలకు గుడ్డో పాలో పడని మాట నిజమే. తిన్న కాసేపటికే దద్దుర్లు, వాంతులు వస్తే డాక్టరుకు చూపించాలి. ఊహ మీద మాన్పించకూడదు. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న పసివాళ్లకు, ముందుగా పరీక్షించి, వేరుశెనగను మెత్తని రూపంలో తొందరగా అలవాటు చేస్తే వేరుశెనగ అలర్జీ బాగా తగ్గిందని లండన్‌లో చేసిన అధ్యయనం 2015లో చూపింది.

ఒక్కటి మాత్రం ఆలస్యం చేయొద్దు. జ్వరంతో పాటు ఒకే తీరు చిన్న నీటిపొక్కులు లేచి, చిట్లి గుంటలు పడుతుంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అదే వైరస్ వల్ల పెదవి మీద జ్వరపు పొక్కు వచ్చినవాళ్లు, ఎంత దగ్గరివాళ్లయినా, అది మానేదాకా బిడ్డను ముద్దు పెట్టుకోకూడదు.