కారులో పెట్రోలు వాసనా? అగ్గిపుల్ల గీయకండి!

(గ్రామీణ విలేఖరి)

రాత్రి కారును రేకుల షెడ్డులో పెట్టి తలుపు వేశారు. తెల్లవారి తలుపు తీయగానే గుప్పున పెట్రోలు వాసన. కింద చూస్తే చుక్క తడి లేదు. "కారటం లేదు కదా, ఏం కాదులే" అని ఊరుకున్నాడు అద్దె కారు నడుపుకునే ఒక డ్రైవరు. షెడ్డు పక్కనే వంట పొయ్యి ఉందని ఇంటావిడ గట్టిగా చెప్పేదాకా మెకానిక్కు దగ్గరకు వెళ్లలేదు.

ఇక్కడ బయటకు వచ్చేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. అది గాలికంటే మూడింతలు బరువు. పైకి పోదు, నేలబారుగా పాకుతుంది. పొయ్యి గానీ, దీపం గానీ, బీడీ గానీ తగిలితే భగ్గున అంటుకుంటుంది.

ఆవిరి దారి ఇదీ

టాంకులోని పెట్రోలు ఎండ వేడికి ఆవిరవుతుంది. ఆ ఆవిరి సన్నని గొట్టం గుండా బొగ్గు నింపిన డబ్బాలోకి చేరుతుంది. ఇంజను నడిచేటప్పుడు దాన్ని పీల్చుకొని కాల్చేస్తుంది. ఈ దారిలో ఎక్కడ చిల్లు పడినా వాసన బయటపడుతుంది.

ముందు మూత చూడండి

మొదట టాంకు మూత విప్పి లోపలి రబ్బరు వాషరు చూడాలి. మట్టి ఉంటే తుడిచి, టిక్కుమనే దాకా బిగించాలి. పగుళ్లుంటే మూత మార్చాలి. మన డ్రైవరు కొత్త మూత వేసినా వాసన పోలేదు. కారును పైకెత్తి చూస్తే టాంకు మీది గొట్టాన్ని ఎలుక కొరికింది. గొట్టం మార్చాక గాని వాసన ఆగలేదు.

కంటికి కనబడని చిల్లును పెద్ద వర్కుషాపుల్లో గొట్టాల్లోకి పొగ పంపి కనిపెడతారు. టైర్లకు గాలి కొట్టే మిషనును మాత్రం టాంకుకు పెట్టరాదు. చాలా ప్రమాదం.

చిల్లుకు టేపు చుట్టినా, సైకిలు ట్యూబు కట్టినా నిలవదు. పెట్రోలు తగిలితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పెట్రోలు కోసం చేసిన గొట్టమే క్లిప్పులతో బిగించాలి.

బంకులో గన్ను దానంతటదే ఆగాక "ఇంకొంచెం పొయ్యి" అనకండి. పెట్రోలు బొగ్గు డబ్బాలోకి పోయి అది పాడవుతుంది.

షెడ్డులో వాసన వస్తే లైటు స్విచ్చి ముట్టకుండా తలుపులు తెరవాలి. నిప్పును దగ్గరకు రానీయకూడదు. చుక్కలు పడుతుంటే కారు స్టార్టు చేయక, నలుగురూ కలిసి బయటకు నెట్టి మెకానిక్కును పిలిపించాలి.